భానుమతి శతజయంతి సాయంత్రం: శనివారం పనులు

కల్చరల్ (మంగళవారం, రాత్రి 9.10)
మిగిలినవి: క్లిప్పుల కూర్పు 40 నిమిషాలు, పిల్లల క్విజ్, 120 ప్లేట్ల పులిహోర, వడలు, ఫొటోకి దండ. ఫ్లయర్‌లో మిస్సమ్మ తీసెయ్యండి. మొదట భానుమతితోనే తీసినా, తెరమీదికొచ్చింది సావిత్రి. మన పెద్దవాళ్లు ఊరుకోరు.

హాల్ బుకింగ్ (9.42)
ముందు ఇది చూడండి. స్కూల్ ఆఫీసు మెయిల్ పెట్టింది. సినిమా ముక్క ఒక్క నిమిషం వేసినా ప్రదర్శన హక్కుల లెటర్ కావాలట, గురువారం 5 గంటల్లోపు. లేదంటే హాలు లేదు.

వీడియో (9.50)
అన్నీ యూట్యూబ్‌లో ఉన్నవేగా అక్కా?

హాల్ బుకింగ్ (9.53)
ఇంట్లో చూడ్డం వేరు నాన్నా, 200 మందికి వెయ్యడం వేరు. స్వర్గసీమ, మల్లీశ్వరి వాహినీ సంస్థ తీసినవి. చండీరాణి, విప్రనారాయణ, బాటసారి భానుమతి దంపతుల సొంత సంస్థ భరణీవి. ఇప్పుడు హక్కులు ఎవరి దగ్గరున్నాయో తేలేసరికే శనివారం దాటిపోతుంది.

ట్రెజరర్ (10.05)
ప్రొజెక్టర్ అడ్వాన్సు 150 డాలర్లు వెనక్కి రాదు. ఫారంలో 'ఫిల్మ్ స్క్రీనింగ్' అని టిక్ పెట్టిందెవరు?

వీడియో (10.07)
నేనే. వేసేది సినిమా అయితే ఇంకేం పెట్టాలండీ? మూడు వారాలుగా కట్ చేస్తున్నా, ఒక్కరూ చూడలేదు. ఇప్పుడు అడుగుతున్నారు.

ట్రెజరర్ (10.31)
సరే, గట్టిగా అన్నాను. వదిలెయ్.

సౌండ్ (10.40)
క్లిప్పులు వద్దు, పాడిద్దాం. లైవ్ పాటల లైసెన్సు హాలువాళ్లదే, అద్దెలోనే కలిపారు. ఆవిడ తన పాటలు తనే పాడుకున్న నటి, కాబట్టి పాటలు వరసగా పెడితే కెరీర్ అంతా వచ్చేస్తుంది. ఓహో పావురమా (1945), మనసున మల్లెల (1951), సావిరహే (1954), ఓ బాటసారి (1961).

ఒక చిక్కుంది. మనవాళ్లు ప్రాక్టీసు చేస్తున్న వీడియోలు కొన్ని టీవీ కాపీలు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, ఆ కాపీ 25తో నడుస్తుంది. పాట 4 శాతం వేగం, శ్రుతి ముప్పావు మెట్టు దాకా పైకి. అందుకే హార్మోనియం ఏ మెట్టు మీదా కలవట్లేదు, మనవాళ్ల తప్పు కాదు. వేగం 96 శాతానికి తగ్గించి వినండి. ఆపైన ఎవరి గొంతుకి సరిపోయే శ్రుతిలో వాళ్లు పాడండి, ఆవిడ శ్రుతి పట్టుకుని వేలాడొద్దు.

కల్చరల్ (11.02)
స్వర్గసీమ పాట ఓహో పావురమాకి ముందు రెండు మాటలు చెప్పాలి. అందులో ఆవిడ వేసిన, వీధిలో ఆడిపాడే సుబ్బి నాటకాల సుజాతాదేవి అవుతుందని తెలియకపోతే ఆ గొంతులో వగలు పిల్లలకి అర్థం కావు. చండీరాణికి పాట వద్దు, మాట చాలు: 1953లో మూడు భాషల్లో తనే డైరెక్ట్ చేసింది.

సౌండ్ (11.08)
'ఓహోహో' దగ్గర ఊపిరి మైకులోకి కొడుతుంది. నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కాస్త పక్కకి వంచి పెట్టాలి. మనసున మల్లెలకి మాత్రం దగ్గరగా, లేకపోతే చివరి వరసకి గాలి తప్ప ఏమీ వినిపించదు.

వీడియో (11.15)
ప్రొజెక్టర్ మీద పాట పేరు, సినిమా, సంవత్సరం వేస్తా. నల్ల తెర, తెల్ల అక్షరాలు. ఫొటోలు కూడా వద్దు.

హాల్ బుకింగ్ (బుధవారం, ఉదయం 7.20)
ఫారం మార్చి పంపాను. 'సంగీత కార్యక్రమం'. ఒప్పుకున్నారు.

ట్రెజరర్ (7.34)
క్విజ్ ఎవరు చూస్తున్నారు?

సౌండ్ (7.50)
తబలా ఆయన్ని 4కి రమ్మన్నాను. హార్మోనియం కింద వేసే జంపఖానా ఎవరి కార్లో ఉంది?