తెలుగు పీడీఎఫ్ తెరిస్తే ఎన్‌విడిఎ పిచ్చి అక్షరాలు చదువుతోంది

ప్రశ్న (శ్రీకాకుళం): తమ్ముడికి చూపు లేదు. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఎన్‌విడిఎ (తెరమీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ఉంది. వార్తల సైట్లు బాగానే చదువుతుంది. డీటీపీ సెంటర్‌ వాళ్లిచ్చిన పాఠ్యపుస్తకం పీడీఎఫ్ మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల్లా వినిపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు 1: ఎన్‌విడిఎ గొంతులో తప్పేం లేదండీ, ఫాంట్‌తోనే చిక్కు. ‘అను’ (Anu) లాంటి పాత డీటీపీ ఫాంట్లలో తెరమీద తెలుగు కనిపించినా, లోపల ఉండేవి ఇంగ్లీషు గుర్తులే. ఎన్‌విడిఎ వాటినే చదువుతుంది. ముందు ఆ సెంటర్‌ వాళ్లనే యూనికోడ్‌లోకి (తెలుగు అక్షరాలను తెలుగుగానే దాచే పద్ధతి) మార్చిన వర్డ్ ఫైల్ అడగండి. అన్నిటికన్నా మేలైన దారి అదే. కుదరకపోతే పేజీలను 300 డీపీఐ (బొమ్మ స్పష్టత కొలత) లో బొమ్మలుగా మార్చి, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి, బొమ్మలోని అక్షరాలను అది రాతగా మారుస్తుంది. ఒక్కో ఫైలు 2 ఎంబీ లోపు ఉండాలి. ఒత్తులు, అంకెలు తప్పుగా వస్తుంటాయి, చూపున్నవాళ్లు ఒకసారి సరిచూడాలి. లెక్కల పుస్తకమైతే ఈ పద్ధతి వద్దు.

జవాబు 2: సరిచేశాక వర్డ్‌లో పాఠాల పేర్లకు హెడింగ్ స్టైల్ పెట్టండి, దయచేసి ఇది మానొద్దు. ఎన్‌విడిఎ బ్రౌజ్ మోడ్‌లో (ఒక్క అక్షరం మీటతో ముందుకు దూకే పద్ధతి) హెచ్ నొక్కితే పాఠం నుంచి పాఠానికి వెళ్లొచ్చు. లేకపోతే పుస్తకమంతా వరుసగా వినాల్సిందే. ఆపకుండా చదవడానికి ఇన్సర్ట్, కింది బాణం కలిపి నొక్కాలి.

జవాబు 3: పుస్తకం ఈపబ్ (ఈ-పుస్తకాల ఫైలు రకం) అయితే, దాన్ని చదివే థోరియం రీడర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఆ ఈపబ్ ఫైల్లో భాష ఇంగ్లీషుగా నమోదై ఉంటే తెలుగు గొంతు రాదు. అప్పుడు ఇన్సర్ట్, కంట్రోల్, వి కలిపి నొక్కి, ఎన్‌విడిఎ గొంతు సెట్టింగుల్లో ఆటోమేటిక్ భాష మార్పు తీసేసి, ఈస్పీక్‌లో (ఎన్‌విడిఎతో వచ్చే గొంతు) తెలుగు ఎంచుకోండి. సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలోనూ వెతకండి, చూపులేనివారికి సభ్యత్వం ఉంటుంది.