కొండాపూర్‌లో లగ్జరీ టూ బీహెచ్‌కేకి నెలకు 58 వేలు పెట్టడం సబబేనా?

వైజాగ్ టు హైదరాబాద్:
అందరికీ నమస్తే. నా ఆఫీసు రాయదుర్గం మెట్రో పక్కన, మావారిది నానక్‌రామ్‌గూడ. పాపకి నాలుగో ఏడు. ఇల్లు మారాలని రెండు చూశాం. ఏది తీసుకోవాలన్నది ఇంట్లో తేలడం లేదు.

మొదటిది కొండాపూర్‌లో, కొత్తగూడ జంక్షన్ దగ్గర గేటెడ్ కమ్యూనిటీ. పద్నాలుగో అంతస్తు, ఈస్ట్ ఫేసింగ్, 1,350 చదరపు అడుగులు. మాడ్యులర్ కిచెన్, గదుల్లో ఏసీలు, క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్, ఫుల్ పవర్ బ్యాకప్. అద్దె 52 వేలు, మెయింటెనెన్స్ 6 వేలు, అడ్వాన్స్ మూడు నెలలు. ఓనర్ డల్లాస్‌లో ఉంటారు, ఇక్కడ వాళ్ల నాన్నగారు చూసుకుంటారు.

రెండోది నిజాంపేటలో ఐదంతస్తుల మామూలు అపార్ట్‌మెంట్. అద్దె 22 వేలు, మెయింటెనెన్స్ 1,500. తేడా నెలకు 34,500, అంటే ఏడాదికి 4 లక్షల 14 వేలు. సొంతింటికి దాచుకోవాల్సిన డబ్బు అద్దెకు పోస్తున్నాం అంటారు మావారు. పాపతో గడిపే సాయంత్రాలు మళ్లీ రావు కదా అంటాను నేను. మీరేమంటారు?

నిజాంపేట వాసి:
మీవారి మాటే కరెక్టండీ. మూడేళ్లలో 12 లక్షలు దాటుతుంది. ఇల్లు కొనేటప్పుడు చేతిలోంచి పెట్టాల్సిన మొత్తంలో అది పెద్ద భాగం. ఇక్కడ మీకు దొరకనిది ఏముంది? కూరగాయలు, స్కూళ్లు, ఆసుపత్రులు అన్నీ నడిచే దూరంలోనే. ఆ క్లబ్‌హౌస్ ఫొటోలు చూసి మనసు పారేసుకోకండి. మా చెల్లెలు అలాంటి చోటే ఉంటుంది. వాళ్ల జిమ్‌లో తెల్లారి పదిమంది కూడా కనిపించరు. వాడినా వాడకపోయినా మెయింటెనెన్స్ మాత్రం అందరూ కట్టాల్సిందే.

రాయదుర్గం రూటు:
అన్నా, నిజాంపేట నుంచి రాయదుర్గం ఎట్ల పోతరో అది చెప్పలేదు మీరు. మెట్రో ఎక్కాలంటే జేఎన్‌టీయూ స్టేషన్‌కి రావాలె. అక్కడినుంచి రెడ్ లైన్‌లో అమీర్‌పేట దాకా పోయి, లైన్ మారి, బ్లూ లైన్‌లో మళ్లీ పడమటికి రావాలె. ఊరంతా చుట్టినట్టే. బండి మీద అయితే జేఎన్‌టీయూ నుంచి సైబర్ టవర్స్ రోడ్డు. వాన పడిన సాయంత్రం ఆ రోడ్డు మీద ఇరుక్కుంటే ఎప్పుడు ఇల్లు చేరతారో ఎవరూ చెప్పలేరు.

మేడమ్, ఒక్క మాట. కొండాపూర్‌కి కూడా మెట్రో లేదు. కానీ దూరం తక్కువ. కొత్తగూడ ఫ్లైఓవర్ వచ్చినంక ఆ జంక్షన్ కొంత నయమైంది. ఇద్దరూ రోజూ ఆఫీసుకు పోయేవాళ్లయితే కొండాపూరే తీసుకోండి. వారంలో రెండు రోజులే పోయేటట్టయితే మాత్రం అంత కిరాయి దండగ.

ఇద్దరు పిల్లల అమ్మ:
నేను అదే చుట్టుపక్కల గేటెడ్‌లో ఉంటున్నాను. జిమ్ ఖాళీగా ఉంటుందన్న మాట నిజమే. కానీ సాయంత్రం ఐదు దాటాక కింద ప్లే ఏరియా చూడండి. పిల్లలకు తోడు వెతుక్కోనక్కర్లేదు. బండ్లన్నీ బేస్‌మెంట్‌లోనే తిరుగుతాయి కాబట్టి పరిగెత్తి రోడ్డు మీదకు వెళ్తారనే టెన్షన్ లేదు. ఆఫీసులో లేటైనా పక్కింటి వాళ్లు చూసుకుంటారు. నేను డబ్బు పెట్టేది దానికి.

ఒక జాగ్రత్త చెప్తాను. ఆ ఫ్లాట్ బాల్కనీ ఎటువైపు ఉందో చూశారా? మెయిన్ రోడ్డు వైపు అయితే శనివారం రాత్రి పదకొండింటికి ఒకసారి వెళ్లి నిలబడండి. హోటళ్లు, పబ్బులు, బిర్యానీ సెంటర్ల ముందు డెలివరీ బండ్లు. రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఉన్నాయి గానీ, హారన్లను ఎవరు ఆపుతారు? సందడిగా ఉన్న ఏరియా మాకూ ఇష్టమే. కానీ పడకగది లోపలివైపు ఉండాలి.

పాత హైదరాబాదీ:
అందరూ దూరం గురించి, డబ్బు గురించి మాట్లాడుతున్నారు. నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ పడమటి వైపు ఎండాకాలం ఎలా ఉంటుందో ఇక్కడ ఉన్నవాళ్లకు తెలుసు. బోర్లు ఎండిపోతాయి, నల్లాలో వచ్చే మంజీరా నీళ్లు సరిపోవు, ట్యాంకర్ల మీద ట్యాంకర్లు వస్తాయి. లగ్జరీ అని పేరున్న చోట కూడా ఇంతే, కాకపోతే అక్కడ ట్యాంకర్ బిల్లు మెయింటెనెన్స్‌లో కలిసి వస్తుంది.

అమ్మా, ఇల్లు చూడటానికి మళ్లీ వెళ్లినప్పుడు గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ల రిజిస్టర్ చూపించమని అడుగు. ఏ ట్యాంకర్ ఏ టైముకి లోపలికి వచ్చిందో అందులో రాసి ఉంటుంది. ఏప్రిల్, మే పేజీలు తిప్పితే సంగతి తెలిసిపోతుంది. తర్వాత బాత్రూంలో షవర్ వంక చూడు. రంధ్రాల చుట్టూ తెల్లగా, గరుకుగా పేరుకుని ఉంటే అవి ఉప్పు నీళ్లు. గీజర్ పాడైతే రిపేరు ఎవరి ఖర్చో అగ్రిమెంట్‌లో రాయించుకో. మే నెల మెయింటెనెన్స్ బిల్లు కాపీ కూడా అడుగు. "ఇవ్వం" అని వాళ్లంటే ఆ ఇల్లు వదిలేయి.

నిజాంపేటలో నీళ్ల బాధ లేదని కూడా అనుకోవద్దు. చిన్న బిల్డింగు అంటే ఒకే బోరు ఉంటుంది, అది పోతే పదిహేను ఇళ్ల వాళ్లూ బిందెలు పట్టుకోవాలి.

ఓనర్‌ని నేను:
అద్దెకుండేవాళ్ల బాధలే వినిపిస్తున్నాయి, మా వైపు మాట కూడా చెప్పనివ్వండి. మణికొండలో నాకో ఫ్లాట్ ఉంది. వచ్చే అద్దె ఈఎంఐలో సగానికి కూడా రాదు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకుంటామని ముందే చెప్తాం. పిల్లలు గోడల నిండా గీసిన బొమ్మలు చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది. 52 వేలంటే ఎక్కువ అనిపించవచ్చు. కానీ ఏసీలు, వార్డ్‌రోబ్‌లు, చిమ్నీ, ఇవన్నీ ఆ ఓనర్ చేతి డబ్బుతో పెట్టించినవే. వాటి అరుగుదల ఎవరు భరించాలి?

ఇద్దరు పిల్లల అమ్మ:
పెయింటింగ్ డబ్బులు పట్టుకోండి, కాదనను. కానీ పట్టుకుని పెయింట్ వేయకుండానే తర్వాతి వాళ్లకు ఇస్తున్నారు చాలామంది. మేం ముందున్న ఇంట్లో అదే జరిగింది. ఏడాది ఉన్నవాళ్లకీ ఐదేళ్లు ఉన్నవాళ్లకీ ఒకటే కోత అంటే ఎలా? వేయించిన బిల్లు చూపించి పట్టుకోవాలి.

ఓనర్‌ని నేను:
బిల్లు చూపించమనడంలో తప్పులేదు. నేను చూపిస్తాను.

పన్నుల పద్దు:
చర్చ మంచిగా నడుస్తోంది, కానీ మొదటి పోస్టులో అందరూ దాటేసిన ముఖ్యమైన మాట ఒకటుంది. ఓనర్ డల్లాస్‌లో ఉంటారు.

ఓనర్ ఇండియాలోనే ఉంటే, అద్దె నెలకు 50 వేలు దాటినప్పుడు మీరు అందులోంచి టీడీఎస్, అంటే ఓనర్ తరఫున ముందే పట్టుకునే పన్ను, కోసి ప్రభుత్వానికి కట్టాలి. 2024 అక్టోబరు నుంచి అది 5 శాతం కాదు, 2 శాతమే. కానీ ఆయన ఎన్నారై అయితే లెక్క వేరు. 50 వేల పరిమితే వర్తించదు, అద్దె ఎంతైనా సరే 30 శాతం, దాని మీద సెస్సు కలిపి 31.2 శాతం కోయాలి. మీ 52 వేల మీద 16,224 రూపాయలు ప్రభుత్వానికి, మిగతా 35,776 ఆయనకు. అది ఆయన పన్నే, మీ జేబులోంచి పోదు. ఎక్కువ కోసి ఉంటే ఆయన రిటర్ను వేసి అది తిరిగి తెచ్చుకోవచ్చు, లేదా తక్కువ కోసేలా ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చి మీకు ఇవ్వవచ్చు. మీరు కోయకుండా పూర్తి అద్దె ఇచ్చేస్తే మాత్రం ఆ పన్ను, వడ్డీ మీ మెడకు చుట్టుకుంటాయి.

"మా నాన్న ఖాతాలో వేసేయండి" అంటారు. ఫ్లాటు కొడుకు పేరున ఉంటే ఆదాయం కొడుకుదే. ముందు సేల్ డీడ్ ఎవరి పేరున ఉందో చూడండి, తండ్రికి పవర్ ఆఫ్ అటార్నీ ఉందో లేదో అడగండి. లేకపోతే ఆయన సంతకంతో అగ్రిమెంట్ రాసుకోవడం దేనికి?

ఇంకొకటి. అద్దెకి పన్ను మినహాయింపు వస్తుంది కదా అని లెక్క వేసుకుంటున్నారేమో, కొత్త పన్ను విధానంలో ఉంటే హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మినహాయింపు లేదు.

రాయదుర్గం రూటు:
ఇది నాకు తెల్వదు. మా ఓనర్ కూడా అమెరికానే. మంచి మాట చెప్పిండ్రు సార్.

నిజాంపేట వాసి:
చూశారా, 58 వేలు కట్టేది కాక ఈ తలనొప్పి కూడా. ఇంకా చెప్పాలంటే 1,350 అడుగులు అన్నది సూపర్ బిల్టప్. కారిడార్లు, లిఫ్టులు, క్లబ్‌హౌస్ వాటా అన్నీ కలిపిన లెక్క. టేపు పట్టుకుని లోపల కొలవండి, వెయ్యి దాటితే గొప్ప. మెయింటెనెన్స్ మాత్రం ఆ 1,350 మీదే వేస్తారు.

పాత హైదరాబాదీ:
మధ్యే మార్గం ఒకటి చెప్తా. కొండాపూర్‌లోనే మసీద్‌బండ, రాఘవేంద్ర కాలనీ లోపలి గల్లీల్లో గేటెడ్ కాని అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. దూరం అదే, పూల్ ఉండదు. అద్దెలో చాలా తేడా ఉంటుంది. ఆన్‌లైన్‌లో పెట్టరు, సాయంత్రం పూట నడిస్తే టులెట్ బోర్డులు కనబడతాయి. తొందర లేకపోతే ఆషాఢం దాకా ఆగు. ఆ నెలలో ఎవరూ ఇల్లు మారరు కాబట్టి ఓనర్లు బేరానికి దిగుతారు. పట్టింపులు లేవంటే నీకే లాభం.

వైజాగ్ టు హైదరాబాద్:
అందరికీ థాంక్స్. ఓనర్ వాళ్ల నాన్నగారికి ఫోన్ చేసి టీడీఎస్ సంగతి చెప్పాం. "ఇంతకు ముందున్నవాళ్లు ఎవరూ ఇలా అడగలేదు" అన్నారు, ఆడిటర్‌ని కనుక్కుని చెప్తానన్నారు. ఫ్లాటు కొడుకు పేరునే ఉందట. ఆయన కోతకు ఒప్పుకుని, అద్దె 48కి దిగితే తీసుకుందామని నేను అంటున్నాను. మావారు ఈ ఆదివారం మసీద్‌బండ గల్లీలు తిరుగుదామంటున్నారు, సరేనన్నాను. నిజాంపేట మాత్రం వద్దనుకున్నాం, ఇద్దరికీ రోజూ ఆఫీసే. మసీద్‌బండ వైపు ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే మే నెలలో అక్కడ బోర్లు ఎలా ఉంటాయో చెప్పగలరా?