టోలెమీయా, తురమాయా? 'సోటర్‌'కి తెలుగేమిటి?

ప్రశ్న: పిల్లల పత్రికకి ఈజిప్టు రాజు మొదటి టాలెమీ గురించి రాస్తున్నాను. టాలెమీ, టోలెమీ, ప్టోలమీ అని మూడు రూపాలు కనిపిస్తున్నాయి, ఏది రాయాలి? ఆయన బిరుదు 'సోటర్'. రక్షకుడు అని అర్థమట. ఆ మాట రాస్తే నాకు రక్షకభట నిలయం గుర్తొస్తోంది. ఇంకేదైనా మాట ఉందా?

జవాబు: నోరు తిరగని 'ప్టో' పిల్లలకెందుకండీ? టాలెమీ చాలు. మన చరిత్ర పుస్తకాల్లో అలాగే ఉంటుంది కదా, మైసోలియా గురించి రాసినాయన.

జవాబు: మైసోలియా, అంటే మన మచిలీపట్నం వైపు తీరం గురించి రాసినాయన క్లాడియస్ టోలెమీ. క్రీ.శ. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న పండితుడు. రాజవంశంతో చుట్టరికం లేదు, పేరొక్కటే కలిసింది.

ఆమె రాస్తున్నది నాలుగు శతాబ్దాల ముందటి మనిషి గురించి. లాగోస్ కొడుకు, మాసిడోనియా సేనాని, అలెగ్జాండర్ వెంట మన సింధు నది దాకా వచ్చినవాడు. క్రీ.పూ. 323లో బాబిలోన్‌లో అలెగ్జాండర్ చనిపోతే ఈయన వాటాకి ఈజిప్టు వచ్చింది. అలెగ్జాండర్ శవాన్ని కూడా దారి మళ్లించి అక్కడికే పట్టుకుపోయాడు. అది భక్తి అని నేననుకోను, శవం ఎవరి దగ్గరుంటే వారసత్వం వాళ్లదనే లెక్క. అలెగ్జాండర్ తర్వాత సామ్రాజ్యాన్ని చూసుకుంటున్న సేనాని పెర్డికాస్ దండెత్తి వచ్చాడు కానీ నైలు నది దాటలేక, సొంత అధికారుల చేతుల్లోనే చచ్చాడు. ఇంత జరిగినా ఈయన వెంటనే రాజునని చెప్పుకోలేదు. ఆ బిరుదు పెట్టుకున్నది 305 ప్రాంతంలో. వంశం మాత్రం క్రీ.పూ. 30లో క్లియోపాత్రా చనిపోయేదాకా నడిచింది. ఆ వంశంలో రాజులందరిదీ ఇదే పేరు కాబట్టి 'మొదటి' అన్న మాట మరవకండి.

ఇక పేరు. గ్రీకులో అది 'ప్తొలెమాయొస్'. 'ప్తొలెమొస్' అంటే యుద్ధం, పాతకాలపు రూపం. మనం ఇంగ్లీషు మీదుగా తెచ్చుకున్నాం కాబట్టి 'ట' వచ్చింది. అశోకుడి లేఖకులు నేరుగా విన్నారు కాబట్టి 'త' రాశారు. పదమూడో శిలాశాసనంలో 'తురమాయ' ఉన్నది ఈయన కొడుకు, రెండో టోలెమీ. మాట మొదట్లో 'ప్త' ప్రాకృతంలో పలకరు, అందుకని 'ప' పోయింది.

సరదా సంగతి 'ర'తో ఉంది. మగధ ప్రాకృతంలో 'ర' ఉండదు, రాజా అనాలంటే 'లాజా' అంటారు. ఆ పదమూడో శాసనాన్నే చాలాచోట్ల బండల మీద చెక్కించారు. ఆ తీరులో ఉన్న కాల్సీ ప్రతిలో ఈ పేరు 'ల'తో ఉంటుంది, గ్రీకులోనూ 'ల'యే. గిర్నార్‌లో, షాబాజ్‌గఢీలో 'ర' ఉంది. పాటలీపుత్రం నుంచి వచ్చిన ప్రతిలో లాజాని రాజాగా దిద్దుతూ పోయిన లేఖకుడు, ఆ ఊపులో సరిగ్గా ఉన్న 'ల'ని కూడా దిద్దేశాడని నాకనిపిస్తుంది. మన కర్నూలు వైపు ఎర్రగుడిలోనూ ఆ పదమూడో శాసనం ఉంది, దాని భాష 'లాజా' భాషే.

ప్రశ్న: మాస్టారూ, మయసభ కట్టిన మయుడే ఈ తురమాయ అని ఎక్కడో చదివాను. నిజమేనా?

జవాబు: సూర్యసిద్ధాంతాన్ని సూర్యుడు మయాసురుడికి చెప్పాడని ఉంది కదమ్మా. ఆ 'అసుర మయ'లో 'తురమాయ' వినిపించి, ఖగోళం రాసిన టోలెమీయే మయుడని 19వ శతాబ్దంలో వెబర్ అనే జర్మన్ పండితుడు ఊహించాడు. శాసనంలో ఉన్నది రాజు, ఖగోళం రాసింది వేరొకరు. శబ్దం కలిసింది గదా అని మనిషిని కలిపేస్తే ఎట్లా?

జవాబు: సోటర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను పాత నాణేలు చూస్తుంటాను. వాయవ్య భారతాన్ని ఏలిన యవన రాజు మినాండర్ నాణెం మీద ఒకవైపు గ్రీకులో 'సోటర్' అని, రెండోవైపు ఖరోష్ఠీ లిపిలో 'మహరజస త్రతరస మెనంద్రస' అని ఉంటుంది. రెండు భాషలూ తెలిసినవాళ్లు అప్పుడే చేసి పెట్టిన అనువాదం. మనకీ 'త్రాత' ఉండనే ఉంది, వాడుకోండి.

జవాబు: త్రాత అంటే ఇప్పటి పిల్లలకి ఏం తెలుస్తుందండీ? 'ఆపద్బాంధవుడు' పెట్టండి. టోలెమీ ప్రత్యర్థి డెమెట్రియోస్ గ్రీకుల రోడ్స్ దీవిని ముట్టడించినప్పుడు ఈయన ధాన్యం, సైనికులు పంపాడు. ఆ కృతజ్ఞతతో రోడ్స్ వాళ్లు సోటర్ అన్నారని తర్వాతి రచయిత పౌసానియస్ రాశాడు. ముట్టడిలో తిండి పంపినవాణ్ని మనమైతే ఏమంటాం?

జవాబు: రోడ్స్ కథ వరకు బాగుంది. కానీ రోడ్స్‌లో ఆయన్ని దేవుడిగా కొలిచారు, ఈజిప్టులో కొడుకు కూడా దేవుళ్లలో చేర్చాడు. ఆపద్బాంధవుడికి మొక్కుతామేమో గానీ గుడి కట్టం కదా. బిరుదుగా త్రాతే నయం.

ప్రశ్న అడిగినామె: అందరికీ థాంక్సండీ. 'మొదటి టోలెమీ' అని రాసి, బిరుదు 'త్రాత' అని పెడుతున్నాను. రోడ్స్ కథ చెప్పేచోట 'ఆపద్బాంధవుడు' వాడతాను. తురమాయని పక్కన చిన్న పెట్టెలో ఇస్తాను, ఎర్రగుడి బండ ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి.