చేట ఆకారపు కాన్వాస్ మీద రంగు పగులుతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలు వేస్తుంటాను. నలుచదరపు కాన్వాస్ మీద విసుగొచ్చి, ఈమధ్య వెదురుబద్దలు వంచి చేట ఆకారంలో ఫ్రేములు కట్టి, వాటికి పొందూరు ఖాదీ బిగిస్తున్నాను. 1960లలో అమెరికా చిత్రకారుడు ఫ్రాంక్ స్టెల్లా కాన్వాస్‌నే రకరకాల ఆకారాల్లో చేశాడు. అక్కడి చిత్రకారుడే శామ్ గిలియమ్ అయితే ఫ్రేమే తీసేసి, రంగులు పట్టించిన గుడ్డను తెరలా వేలాడదీశాడు. వాళ్లను చూసే ఈ పిచ్చి పట్టింది లెండి.

సమస్యంతా వంపు దగ్గరే. చాక్‌పొడి, తెల్ల జిగురు కలిపి మూడు పూతలు వేసి, పైన ఆక్రిలిక్ రంగులు వేశాను. ఆరిన రోజు బాగానే ఉంది. వారం తిరిగేసరికి, ముదురు నీలం దట్టంగా వేసిన చోట సన్నటి బీటలు. వేలితో తడిమితే తెల్లటి పొడి రాలుతోంది. ఎరుపు పల్చగా పూసిన చోట మాత్రం చెక్కుచెదరలేదు. పైగా వానొస్తే గుడ్డ వదులవుతోంది, ఎండకి మళ్లీ బిగుసుకుంటోంది.

చాక్‌పొడి ఎక్కువైందా, వెదురే కదులుతోందా? కొన్న జెస్సో (రంగు వేసేముందు గుడ్డకి పూసే తెల్ల పూత) వాడితే ఆగుతుందా? ఖాదీ కింద మందపాటి గుడ్డ వేసి చూసినవాళ్లెవరైనా ఉన్నారా? వెనక ప్లైవుడ్ కొట్టమని మాత్రం అనకండి, బరువైపోతుంది. నాకది చేటలాగే గోడకి తేలిగ్గా వేలాడాలి. పగిలినవి ఇప్పటికే రెండున్నాయి, వాటిని బాగుచేసే దారుంటే అదీ చెప్పండి.