ఫైన్ అంటే బాగున్నట్టా, చాలన్నట్టా?

అమలాపురం_అమ్మమ్మ: డల్లాస్ నుంచి మనవడొచ్చాడు. ఆత్రేయపురం పూతరేకు ఒకటి తిన్నాక ఇంకోటి వేయబోతే "ఐయామ్ ఫైన్" అన్నాడు. బాగున్నానంటున్నాడు కదా అని రెండు వేశాను. బిక్కమొహం పెట్టాడు. ఈ మాటకి ఎన్ని అర్థాలండీ? ఫైన్ ఆర్ట్స్‌లో ఫైన్ ఏమిటి?

తణుకు_మిల్లు: ఫైన్ అంటే సన్నం, అంతే. వ్యాపారంలోకి దిగిన కొత్తలో చెన్నై పార్టీ ఒకాయన ఫైన్ రైస్ కావాలంటే, మంచి బియ్యం కామోసనుకుని ఏరికోరి స్వర్ణ పంపాను. లోడు వెనక్కొచ్చింది. లారీ కిరాయి రెండువైపులా నా నెత్తినే. సాంబమసూరి పంపాల్సింది.

పెనుగొండ_రైతు: అంటే స్వర్ణ మంచిది కాదనా? మన మార్టేరులో పుట్టిన వంగడమండీ అది. ఎంటీయూ 7029, 1982లో వచ్చింది. మీ సాంబమసూరి బాపట్లది.

తణుకు_మిల్లు: మంచిది కాదని నేనెక్కడన్నాను? సన్నం కాదన్నాను.

పెనుగొండ_రైతు: ఆయ్, ధర తగ్గించడానికి మిల్లులోళ్లకి ఏదో ఒక సాకు కావాలి. మొన్న సార్వాలో తేమన్నారు, ఇప్పుడు లావంటున్నారు.

పాలకొల్లు_మేష్టారు: ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, కాస్త వినండి. లాటిన్‌లో ఫీనిస్ అంటే ముగింపు, హద్దు. నాణ్యతలో ఆఖరి మెట్టెక్కింది ఫైన్. అక్కణ్ణుంచే మేలిమి, సున్నితం, సన్నం అన్నీ పుట్టాయి. తగువు ముగించడానికి కట్టే సొమ్ము గనక జరిమానా కూడా ఫైనే.

నరసాపురం_లేసు: జరిమానా సంగతి నన్నడగండి. ఫైన్ వర్క్ కావాలన్నారని 20 నంబరు దారంతో నీటుగా అల్లి ఇచ్చాను. వాళ్లకి కావలసింది 60 నంబరట. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది కదా. నా కూలి కోసేశారు.

అమలాపురం_అమ్మమ్మ: నా పూతరేకుల మాట ఎవరికీ పట్టలేదు.

భీమవరం_కుర్రాడు: వడ్డించేటప్పుడు ఫైన్ అంటే "చాలు, వద్దు" అని, అమ్మమ్మగారూ. ఎలా ఉన్నావంటే మాత్రం బాగున్నానని. హాస్టల్లో జ్వరంతో మూలుగుతూ కూడా ఇంటికి ఫోన్‌లో అదే చెప్పేవాణ్ణి. అయినా మా అమ్మమ్మ తెలుగులో చాలన్నా వేస్తుంది లెండి.

పెనుగొండ_రైతు: స్వర్ణ సంగతి తేలలేదు.

తణుకు_మిల్లు: ఫైన్. మీదే పైచేయి, వదిలేయండి.

పెనుగొండ_రైతు: మేష్టారూ, ఈ ఫైన్ ఎందులోకొస్తుందండీ?