ముక్కు ద్వారా చేసే పిట్యూటరీ శస్త్రచికిత్స: అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను
మా అమ్మకు 58 ఏళ్లు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో ఏర్పడిన కణితి పైకి పెరిగి, కంటి నరాలు కలిసే చోటును నొక్కుతున్నందువల్ల రెండు పక్కల చూపు తగ్గింది. ప్రొలాక్టిన్ అనే హార్మోను తయారుచేసే కణితి అయితే చాలావరకు మాత్రలతోనే తగ్గేదట. అమ్మది ఆ రకం కాదు. పుర్రె తెరవకుండా, ముక్కులోంచి ఎండోస్కోపు (కెమెరా ఉన్న సన్నటి గొట్టం) పంపి తొలగిస్తామని డాక్టరు గారు చెప్పారు. బయటికి కోత కనిపించదన్న ఊరట కన్నా, మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని వైపు పాకిన భాగాన్ని వదిలేయాల్సి వస్తుందేమోనన్న దిగులే నాకు ఎక్కువగా ఉంది. ఈ చికిత్స చేయించుకున్నవారు, దగ్గరుండి చూసుకున్నవారు, ఇంటికి వచ్చాక ముక్కు నుంచి కారే నీరు జలుబు వల్లనా, మెదడు చుట్టూ ఉండే ద్రవమా అన్నది ఎలా గుర్తించారో, రక్తంలో సోడియం పరీక్ష ఎప్పుడెప్పుడు చేయించారో, చూపు ఎంతకాలానికి మెరుగుపడిందో దయచేసి తెలియజేయగలరు.