భూటాన్‌లో రాత్రికి 1200 కట్టించుకోవడం న్యాయమేనా?

కృష్ణాతీరం
ఉగాది అయ్యాక కుటుంబంతో భూటాన్ వెళ్ళొచ్చాను. అమ్మ, మా ఆవిడ, పదేళ్ళ బాబు, నేను. అక్కడ మనవాళ్ళ దగ్గర మనిషికి రాత్రికి 1200 రూపాయలు ఎస్‌డీఎఫ్ అని తీసుకుంటున్నారు, అంటే సుస్థిర అభివృద్ధి రుసుము. బాబు వయసు పిల్లలకి సగం. ఐదు రాత్రులకి మాకు 21,000 పడింది. ట్రావెల్స్ వాళ్ళు ముందు "అన్నీ కలిపే సార్" అన్నారు. సరిహద్దు ఊరు ఫుంత్‌షోలింగ్ చేరాక "అది మాత్రం వేరే" అన్నారు. కౌంటర్ దగ్గర గట్టిగానే గొడవపడ్డాను.

ట్రావెల్స్ సంగతి పక్కన పెట్టండి. 2020 దాకా భారతీయులకి ఈ రుసుము లేదు. ఇప్పుడు ఇది కాక కొండ అంచున ఉండే తాక్‌త్సాంగ్ మఠానికి మనిషికి 2000 టికెట్. బౌద్ధుల గుడి చూడటానికి మధ్యతరగతి వాడు ఇంత కట్టాలా? అందరూ ఏమంటారో చెప్పండి.

అరకు టీచర్
కట్టాలండి. నేను 2019లో ఒకసారి, 2023లో ఒకసారి వెళ్ళాను. మొదటిసారి రుసుము లేదు, రెండోసారి కట్టాను. 2019లో ఆ దేశానికి మూడు లక్షలకు పైగా జనం వచ్చారు. వాళ్ళలో రెండు లక్షలకు పైగా మనవాళ్ళే. ఆ దేశ జనాభాయే ఎనిమిది లక్షల లోపు. మన పెద్ద జిల్లా ఒకదానిలో సగం ఉండదు.

పునాఖా జోంగ్‌లో ఏం చూశానో చెప్తాను. ఫో ఛు, మో ఛు అనే రెండు నదులు కలిసే చోట 1637లో కట్టడం మొదలుపెట్టిన కోట అది. ఇప్పటికీ అందులో సన్యాసులు ఉంటారు. లోపల ప్రార్థన జరుగుతుంటే ప్రాంగణంలో మా బస్సులో వచ్చినాయన ఒకరు వీడియో కాల్ చేసి ఇంట్లో వాళ్ళకి కోటంతా చూపిస్తున్నారు, గట్టిగా మాట్లాడుతూ. చిన్న సన్యాసి ఒకడు, ఎనిమిదేళ్ళు ఉంటాయేమో, ఆయన వంకే చూస్తూ నిలబడిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్ళ సంస్కృతిని కాపాడుకోవడానికే ఈ రుసుము.

పైగా మిగతా దేశాల వాళ్ళు రాత్రికి 100 డాలర్లు కడుతున్నారు. 2022లో మళ్ళీ తలుపులు తెరిచినప్పుడు 200 డాలర్లు. మనకి ఇచ్చింది పెద్ద రాయితీ.

కృష్ణాతీరం
రాయితీ అనకండి మేడమ్. ఉన్నదాన్ని తగ్గిస్తే రాయితీ. లేనిదాన్ని కొత్తగా పెట్టి, పక్కవాడి కంటే తక్కువ పెట్టాం కదా అంటే అది రాయితీ ఎలా అవుతుంది?

అరకు టీచర్
అందరికీ ఉన్నది మనకి తక్కువకి ఇస్తే రాయితీయే. 100 డాలర్లంటే ఎనిమిది వేలు దాటుతుంది. 1200 ఎక్కడ, ఎనిమిది వేలు ఎక్కడ?

కృష్ణాతీరం
వాళ్ళకి 1974లో తలుపు తెరిచినప్పటి నుంచీ ధర పెట్టే తెరిచారు. మనకి అలా లేదు. రెండు దేశాల మధ్య 1949 నుంచి స్నేహ ఒప్పందం ఉంది, రూపాయి వాళ్ళ ఙుల్‌ట్రమ్‌తో సమానంగా చెల్లుతుంది. ఇంట్లో మనిషిలా వెళ్ళేవాళ్ళం. ఒకరోజు పొద్దున్నే లేచి ఇంట్లో మనిషికి టికెట్ పెడితే దాన్ని రాయితీ అనరు.

కొత్తగా వెళ్ళేవాడు
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించాలి. ఆధార్ కార్డుతో వెళ్ళొచ్చా?

బుల్లెట్ బండి
ఆధార్ చెల్లదు తమ్ముడూ. పాస్‌పోర్టు లేకపోతే ఓటరు కార్డు. హాసిమారా స్టేషన్‌లో దిగి జైగావ్ పో, రోడ్డుకి అటు పక్కనే ఫుంత్‌షోలింగ్.

అసలు సంగతికొస్తే, మనిషికి 1200 నాకు నొప్పి లేదు. బండికి రోజుకి 4500 అన్నారు, అందుకే నేను మళ్ళీ పోలేదు. కానీ ఎందుకు పెట్టారో నాకు తెలుసు. 2019లో దొచులా కనుమ దగ్గర మన దేశం నుంచి వచ్చిన బైకర్ ఒకడు నిచ్చెన వేసుకుని చోర్టెన్ అనే స్తూపం మీదెక్కి ఫోటో దిగాడు. ఆ ఫోటో లోకమంతా తిరిగింది. తర్వాత నేను పోయినప్పుడు హెల్మెట్ తీయకముందే నన్ను చూసే చూపు మారింది. ఒక్కడు చేసిన పనికి అందరం తలదించుకున్నాం.

అరకు టీచర్
ఆ 108 చోర్టెన్లు ఎవరి కోసం కట్టారో కూడా చెప్పండి. 2003 డిసెంబరులో భూటాన్ అడవుల్లో దాక్కున్న అస్సాం మిలిటెంట్ల శిబిరాలను తొలగించడానికి ఆ దేశపు సైనికులు పోరాడారు. చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా కట్టినవి అవి. ఒక రకంగా మన కోసం కూడా పోయిన ప్రాణాలు. వాటి మీద కాలు పెట్టి ఫోటో! ఇది తెలిశాక కూడా 1200 ఎక్కువంటే నాకు ఏమనాలో తెలియడం లేదు.

కృష్ణాతీరం
వాడెవడో ఎక్కితే నేను ఎందుకు కట్టాలండి? మా అమ్మ ఎక్కలేదు కదా చోర్టెన్.

కొలంబస్ నివాసి
నేను ఒహాయోలో ఉంటాను. టీచర్ గారు "వాళ్ళ సంస్కృతి" అంటున్నారు. ఆ వాళ్ళలో ఎవరెవరు ఉన్నారు?

మా ఊళ్ళో భూటాన్ నుంచి వచ్చిన నేపాలీ మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. మా వీధి చివర కిరాణా కొట్టు వాళ్ళదే, మాకు కరివేపాకు అక్కడే దొరుకుతుంది. కొట్టు ఆయన తల్లి దక్షిణ భూటాన్‌లో పుట్టింది. కమలా తోట ఉండేదట. 1985లో పౌరసత్వ చట్టం మారింది, 1988లో జనాభా లెక్కలు, ఆ మరుసటి ఏడు అందరూ ఘో, కీరా అనే జాతీయ దుస్తులే కట్టాలన్న ఆజ్ఞ. లోత్షాంపాలనే ఈ దక్షిణాది వాళ్ళు, ఎక్కువమంది హిందువులే, దేశం విడిచిపోవాల్సి వచ్చి లక్షకు పైగా నేపాల్ శరణార్థి శిబిరాలకు చేరారు. ఆవిడ అక్కడ పదిహేడేళ్ళు వెదురు గుడిసెలో ఉంది. తర్వాత అమెరికా.

నేను భూటాన్ ఫోటోలు చూపిస్తే ఆవిడ జోంగ్‌లు చూడదు. వెనక కొండ వాలు ఎక్కడిదని అడుగుతుంది. మీరు కట్టే రుసుము కాపాడే సంస్కృతిలో ఈవిడ లేదు.

అరకు టీచర్
ఆవిడ బాధ నిజమే, కాదనను. కానీ ఇక్కడ ప్రశ్న యాత్రికుల రుసుము గురించి. అక్కడ వైద్యం ఉచితం, బడి ఉచితం. ఈ డబ్బు వాటికీ వెళ్తుంది. భూమిలో 60 శాతం ఎప్పటికీ అడవిగానే ఉండాలని రాజ్యాంగంలో రాసుకున్న దేశం. మనం ఇచ్చే 1200 ఒక పిల్లకి మందులవుతుంది.

కొలంబస్ నివాసి
మేడమ్, రుసుము "సంస్కృతి కోసం" అని మొదలుపెట్టింది మీరే. ఇప్పుడు మందుల కోసం అంటున్నారు.

బుల్లెట్ బండి
200 డాలర్లను 2023లో 100కి తగ్గించారు కదా. జనం రాకపోతేనే తగ్గిస్తారు. హోటల్ వాళ్ళు, గైడ్లు బతకాలి. పారోలో నాకు గైడ్‌గా వచ్చిన పిల్లగాడు ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్నాడు. వాడి దోస్తుల్లో సగం మంది అక్కడే. జనం వస్తే ఒక కష్టం, రాకపోతే ఇంకొక కష్టం.

అరకు టీచర్
ఎవరు రావాలో వాళ్ళు వస్తారు. 21,000 కోసం కౌంటర్ దగ్గర కేకలు వేసేవాళ్ళు రాకపోతే ఆ దేశానికి నష్టం లేదు.

కృష్ణాతీరం
అంటే మాలాంటి వాళ్ళు రాకూడదా? మీరు టీచర్ ఉద్యోగంలో పిల్లలకి ఇదే చెప్పారా, డబ్బులున్నవాడే మర్యాదస్తుడని? మీ బస్సులో వీడియో కాల్ చేసినాయనకి డబ్బుల్లేవా? ఆయన మళ్ళీ వెళ్తే 1200 కట్టి కూడా వీడియో కాల్ చేస్తాడు. డబ్బు పెడితే డబ్బు లేనివాడు ఆగుతాడు, బుద్ధి లేనివాడు ఆగడు. ఇంత చిన్న విషయం ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాళ్ళకి తెలియదా?

కొత్తగా వెళ్ళేవాడు
పెద్దవాళ్ళు, కొంచెం నెమ్మదిగా.

అరకు టీచర్
నా ఉద్యోగం మాట ఎత్తారు కాబట్టి చెప్తాను. నేను పని చేసింది అరకు, పాడేరు మధ్య ఊళ్ళలోనే. ధింసా ఏమిటో మీకు తెలుసా? పండగకి, పెళ్ళికి ఆడవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని ఒక గొలుసుగా ఆడతారు. ఊరంతా ఆడుతుంది, చూసేవాళ్ళంటూ విడిగా ఉండరు. ఇప్పుడు రిసార్టు వాళ్ళు ఫోన్ చేస్తే నా దగ్గర చదువుకున్న పిల్లలే రాత్రి భోజనాల దగ్గర పదిహేను నిమిషాలు ఆడి వస్తున్నారు. తాగి ఉన్నవాళ్ళు మధ్యలో దూరి వాళ్ళ భుజం మీద చెయ్యేసి సెల్ఫీ తీసుకుంటారు. ఒక పిల్ల నాతో అంది, "పండగ రోజున ఆడబుద్ధి కావడం లేదు టీచర్" అని.

వంజంగి మేఘాల ఫోటోలు మీరూ చూసే ఉంటారు. తెల్లారి ఆ మేఘాలు విడిపోయాక ఏం కనిపిస్తుందో ఒకసారి వచ్చి చూడండి. సీసాలు, ప్లాస్టిక్ ప్లేట్లు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. అందుకే ఒక దేశం గేటు పెట్టుకుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. మీ ఇరవై ఒక్క వేలు నాకు కనిపించలేదండి, నిజమే. నాకు ఆ పిల్లే కనిపించింది.

బుల్లెట్ బండి
మేడమ్, వంజంగికి నేనూ వచ్చాను. ఈసారి నా చెత్త నేనే కిందికి తెస్తా.

కృష్ణాతీరం
కోపంలో మీ ఉద్యోగం ఎత్తాను. అది తప్పు, క్షమించండి.

నా మాట కూడా వినండి. మాది అమరావతి పక్క పల్లె. 2006 జనవరిలో దలైలామా గారు వచ్చి కాలచక్ర అనే బౌద్ధ దీక్ష జరిపారు. బుద్ధుడు కాలచక్ర బోధించింది మా ధాన్యకటకంలోనే అని వాళ్ళ నమ్మకం. హిమాలయాల నుంచి వేలమంది వచ్చారు. గదులు చాలలేదు. మా అరుగు మీద భూటాన్ ముసలామె ఒకావిడ, మనవడితో పదకొండు రోజులు ఉంది. భాష తెలియదు. అమ్మ పొద్దున్నే అన్నం, చారు పెట్టేది. ఆవిడ మిరపకాయ పచ్చడి ఇష్టంగా తినేది, అమ్మకి అది భలే సంతోషం, మనవాళ్ళలాగే కారం తింటున్నారని. వెళ్ళేరోజు ఆవిడ తన జపమాల అమ్మ చేతిలో పెట్టింది. రూపాయి తీసుకోలేదు మేము. తీసుకోవాలని కూడా ఎవరికీ తోచలేదు.

పంతొమ్మిదేళ్ళు అమ్మ ఆ మాలతో జపం చేసింది. ఆవిడ ఊరు చూడాలనే కోరిక. ఊరి పేరు తెలియదు, తాక్‌త్సాంగ్ ఫోటో ఒకటి చూపించేదట, అదే గుర్తు. అందుకే వెళ్ళాం. కింద టికెట్ కొన్నాం. గుర్రం సగం దారి దాకే. అక్కడ అమ్మకి ఆయాసం వచ్చింది. టీ దొరికే చోట కూర్చోబెట్టి మా ఆవిడ తోడుంది, నేనూ బాబూ పైకి వెళ్ళాం. 1998లో కాలిపోయి మళ్ళీ కట్టుకున్న మఠం అది. ఫోన్ మఠం గుమ్మం దగ్గరే ఇచ్చేయాలి కాబట్టి లోపలిది ఏదీ అమ్మకి చూపించలేకపోయాను.

మేము వాళ్ళని చుట్టాల్లా చూశాం. వాళ్ళు మా అమ్మని లెక్కలో ఒక తలగా చూశారు. నాకు నొప్పి పుట్టింది అక్కడ, 1200 దగ్గర కాదు.

అరకు టీచర్
ఇది మొదటి పోస్టులో ఎందుకు రాయలేదండీ.

ఒక్కటి మాత్రం చెప్పకుండా ఉండలేను. మీ అరుగు మీద ఆవిడ ఉన్నది పదకొండు రోజులు. ఏటా రెండు లక్షల మంది ఆ అరుగు ఎక్కితే మీ అమ్మగారు ఏం చేసేవారు?

కృష్ణాతీరం
అరుగు చాలదు. ఒప్పుకుంటాను. రోజుకి ఇంతమందే అని లెక్క పెట్టమనండి, నెలలు ఆగి వెళ్తాం. తిరుమలలో 300 టికెట్ కొనేవాళ్ళ పక్కనే ఉచితంగా వెళ్ళే వరస కూడా ఉంది కదా. ఎంత ఆలస్యమైనా ఆ వరస ఉండాలి అంటున్నాను.

అరకు టీచర్
వరస పెడితే నాకూ అభ్యంతరం లేదు. కానీ రుసుము తీసేయమంటే ఒప్పుకోను.

కొలంబస్ నివాసి
ఆ వరసలో మా కొట్టు ఆయన తల్లికి చోటుందా అని నేను అడుగుతూనే ఉంటాను.

కృష్ణాతీరం
ఈ చర్చంతా నిన్న రాత్రి అమ్మకి చదివి వినిపించాను. ఒహాయో ముసలామె దగ్గర ఆపి, కమలా తోట సంగతి మళ్ళీ చదవమంది. నా గురించి మాత్రం, "ఆ కౌంటర్ దగ్గర నువ్వు అరుస్తుంటే అందులో కూర్చున్న పిల్లోడి ముందు నాకు తలెత్తుకోబుద్ధి కాలేదురా" అంది. ఇన్నాళ్ళూ ఆ మాట నాతో అనలేదు.

కొత్తగా వెళ్ళేవాడు
సార్, మా నాన్నగారికి మోకాళ్ళ నొప్పి. గుర్రం దిగేటప్పుడు కూడా ఉంటుందా?

కృష్ణాతీరం
ఉండదు. ఎక్కేటప్పుడే. దిగడం నడకే, చేతికర్ర తీసుకోండి. పొద్దున్న ఏడింటికల్లా కింద ఉండండి, ఎండ రాకముందే సగం దారి చేరొచ్చు. ఆ టీ కొట్టు బయట బల్ల మీద కూర్చుంటే మఠం సరిగ్గా ఎదురుగా కనిపిస్తుంది.